బాణాలు గీయకముందు గింజలు లెక్కపెట్టండి: హైస్కూల్లో సిస్టమ్స్ థింకింగ్ మొదలుపెట్టే పద్ధతి

సిస్టమ్స్ థింకింగ్ (ఒక వ్యవస్థలోని భాగాలు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో కలిపి చూసే పద్ధతి) అనగానే చార్టు నిండా బాణాలు కళ్ల ముందు మెదులుతాయి. మధ్యలో "పర్యావరణం" అని రాసి చుట్టూ మనిషి, చెట్టు, వాన, ప్లాస్టిక్ అని వలయాలు గీసి అన్నింటినీ అన్నింటితో కలిపేస్తారు. ఇన్‌స్పెక్షన్ రోజున గోడమీద అందంగానే ఉంటుంది. దాన్ని చూసి ఎనిమిదో తరగతి పిల్లకి కొత్తగా తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. "అన్నీ ఒకదాంతో ఒకటి ముడిపడి ఉన్నాయి" అన్న మాట వాళ్ల నానమ్మ ఎప్పుడో చెప్పింది.

ఈ మార్గదర్శిలో దారి వేరు. ముందు పిల్లలు చేత్తో లెక్కపెట్టగలిగే ఒక నిల్వను పట్టుకుంటారు. అది కాలంతోపాటు ఎలా మారిందో గీస్తారు. బాణాల సంగతి ఆ తర్వాతే. ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల్ని దృష్టిలో పెట్టుకున్నాం: అరవై మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్, ఒక నల్లబల్ల. ప్రింటర్, ప్రొజెక్టర్ లేవనే అనుకుందాం. విషయం ఊరి నీళ్లు. పట్నం బడులకు వేరే విషయం చివర్లో ఉంది.

ఈ విద్య మూలాలు అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఎలక్ట్రికల్ ఇంజనీరైన జే ఫారెస్టర్ 1956లో అక్కడి మేనేజ్‌మెంట్ స్కూల్‌కు మారి, ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు ఎందుకు ఎగుడుదిగుడు అవుతాయో విడమరచే క్రమంలో సిస్టమ్ డైనమిక్స్‌కు, అంటే నిల్వలు కాలంతోపాటు ఎలా మారతాయో లెక్కగట్టే విద్యకు, పునాది వేశారు. 1980ల చివర్లో అది అమెరికాలోని టూసాన్ నగరంలో ఒక మిడిల్ స్కూల్‌కు చేరింది. అక్కడి పిల్లలకు కంప్యూటర్లున్నాయి, మన పిల్లలకు చింతగింజలున్నాయి. మొదటి ఏడాదికి గింజలే మేలు, ఎందుకో గింజల ఆటల్లోనే తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు సర్దుకోవాల్సినవి

మొత్తం పన్నెండు పీరియడ్లు పడుతుంది. ఒక్క సబ్జెక్టు నుంచే అన్నీ తీసుకుంటే సిలబస్ వెనకబడి, ఆ టీచరే మధ్యలో వదిలేస్తారు. లెక్కల్లో గ్రాఫులు, సైన్సులో పంటలు, సోషల్లో నీటి వనరులు ఎలాగూ చెప్పాలి. నాలుగేసి పీరియడ్లు ముగ్గురూ పంచుకోండి. జూన్‌లో బడి తెరిచాక మొదటి స్టాఫ్ మీటింగ్‌లోనే హెచ్‌ఎం చేత తేదీలు ఖాయం చేయించుకోవాలి. ఆగస్టులో అడిగితే "ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ పరీక్ష) అయ్యాక చూద్దాం" అంటారు, వాళ్ల తప్పేమీ లేదు.

సామాను ఇది: ఒక కిలో చింతగింజలు, పన్నెండు స్టీలు గ్లాసులు, పన్నెండు పళ్లాలు (రెండూ మధ్యాహ్న భోజనం దగ్గరివే), రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు మూడు, జట్టుకో గళ్ల పుస్తకం, తరగతికి ఒక పెద్ద రిజిస్టరు. చింతగింజలు లేని చోట కందులు వాడకండి. చిన్నవి కావడంతో లెక్క తప్పుతుంది, ఆట సగానికొచ్చేసరికి కొన్ని నోట్లోకి పోతాయి.

జట్టుకు ఐదుగురు. ఒకరు వేసేవారు, ఒకరు తీసేవారు, ఒకరు లెక్కపెట్టేవారు, ఒకరు రాసేవారు, ఒకరు ముందుగా అంచనా చెప్పేవారు. ఆటకో వంతు మార్చాలి. మీరు చూడకపోతే రాసే పని ప్రతిసారీ ఆడపిల్లకు, వేసే పని మగపిల్లాడికి పోతుంది.

గింజల ఆటలు: రాక, పోక, నిల్వ (మూడు పీరియడ్లు, మూడు ఆటలు)

ఇంగ్లిష్‌లో స్టాక్, ఫ్లో అనేవాటికి తెలుగులో తడుముకోనక్కర్లేదు. గ్లాసులో ఉన్నది నిల్వ, పడేది రాక, తీసేది పోక. ఏడాది పొడవునా ఈ మూడు మాటలే వాడండి. పరీక్ష కోసం "ప్రవాహ రాశి" లాంటి మాట తగిలిస్తే పిల్లలు దాన్ని బట్టీ పట్టి గ్లాసును మరచిపోతారు.

మొదటి పీరియడ్: గ్లాసులో 20 గింజలతో మొదలు. ప్రతి వంతుకూ 5 వేయాలి, 3 తీయాలి. ఎనిమిది వంతులయ్యాక 36 ఉండాలి. ప్రతి వంతు చివర నిల్వను గళ్ల పుస్తకంలో చుక్కగా పెట్టి, చుక్కల్ని కలిపితే సరళరేఖ వస్తుంది. ఇది చేయి తిరగడానికే, ఇక్కడ ఎక్కువసేపు ఆగకండి.

రెండో పీరియడ్ అసలుది. మళ్లీ 20తో మొదలు. పోక ఎప్పుడూ 3. రాక మాత్రం మొదటి వంతులో 7, తర్వాత 6, 5, 4, 3, 2, 1, చివరి వంతులో 0. ఆట మొదలుకాకముందు బల్లమీద ఒకే ప్రశ్న రాయండి: గ్లాసు అన్నిటికంటే నిండుగా ఉండేది ఏ వంతు తర్వాత? ప్రతి ఒక్కరూ జవాబు రాశాకే గింజ ముట్టుకోవాలి. చాలామంది "మొదటి వంతు" అని రాస్తారు, ఎందుకంటే అప్పుడే ఎక్కువ పడుతోంది కదా. ఇప్పుడు ఆడించండి. నిల్వ ఇలా నడుస్తుంది: 24, 27, 29, 30, 30, 29, 27, 24. రాక మొదటి నుంచీ తగ్గుతూనే ఉన్నా, నాలుగో వంతుదాకా గ్లాసు నిండుతూనే ఉంది. ఎనిమిదో వంతులో ఒక్క గింజ కూడా పడకపోయినా, మొదలుపెట్టినప్పటికంటే నాలుగు ఎక్కువే ఉన్నాయి.

ఈ చిక్కు పిల్లలదే అనుకోవద్దు. ఎంఐటీ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు స్నానాల తొట్టి నిండటం, ఖాళీ కావడం గురించి ఇలాంటి లెక్కలే ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. అక్కడా చాలామంది తప్పారు. రాక గ్రాఫు ఏ ఆకారంలో ఉంటే నిల్వ గ్రాఫును అదే ఆకారంలో గీసేయడం మనుషులందరికీ ఉన్న అలవాటు. అందుకే ఈ ఆటను టీచరు బల్లమీద చేసి చూపిస్తే లాభం లేదు. మొదట తప్పు జవాబు రాసి, తన చేత్తో గింజలు వేసి, తన తప్పు తానే చూసుకున్న పిల్లకే అది ఎక్కుతుంది. అంచనా రాయించకుండా ఆడిస్తే ఆట తర్వాత అందరూ "నాకు ముందే తెలుసు సార్" అంటారు.

మూడో పీరియడ్: పోకను నిల్వే నిర్ణయించే ఆట. ప్రతి వంతుకూ గ్లాసులో ఉన్నవాటిలో సగం తీయాలి (బేసి సంఖ్య వస్తే ఆ అర గింజ వదిలేయాలి), తర్వాత 8 వేయాలి. సగం జట్లు 40 గింజలతో, సగం జట్లు 4 గింజలతో మొదలుపెట్టాలి. 40తో మొదలైన జట్టుకు 28, 22, 19, 18, 17, 17 వస్తుంది. 4తో మొదలైన జట్టుకు 10, 13, 15, 16, 16. రెండు గ్రాఫుల్నీ ఒకే కాగితంమీద గీయిస్తే పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి దాదాపు ఒకే చోటికి చేరతాయి. 16కీ 17కీ మధ్య ఒక్క గింజ తేడా ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అర గింజను వదిలేస్తున్నందుకే అది. ఆ ప్రశ్న అడిగిన పిల్లను గుర్తుపెట్టుకోండి, రిజిస్టరు బాధ్యత ఆమెకే ఇవ్వొచ్చు.

నిల్వ పెరిగితే పోక పెరుగుతుంది, పోక పెరిగితే నిల్వ తగ్గుతుంది. సర్దే చక్రం అంటే ఇదే. కానీ పేరు ఇప్పుడే పెట్టకండి.

వాన కొలవడం: జులై నుంచి సెప్టెంబరు దాకా

రెండు లీటర్ల సీసా తీసుకోండి, పక్కలు నిటారుగా ఉన్నది. మెడకు కింద, వంపు అయిపోయి గోడ నిటారుగా మొదలయ్యే చోట కోయాలి. పైముక్కను తలకిందులు చేసి గరాటులా పెట్టి టేపు వేయాలి. సీసా అడుగు వంకర టింకరగా ఉంటుంది కాబట్టి అందులో గులకరాళ్లు వేసి, నిటారు గోడ మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. రాళ్లు ఆ గీతకు కిందే ఉండాలి, పైకి వస్తే ప్రతి కొలతా ఎక్కువ చూపిస్తుంది. సున్నా నుంచి సెంటీమీటరు ఎత్తు అంటే 10 మిల్లీమీటర్ల వాన.

మూడు సీసాలు ఎందుకంటే ఒకటి కోతులకు పోతుంది, ఒకటి బంతి తగిలి పడుతుంది. గోడకైనా చెట్టుకైనా వాటి ఎత్తుకు రెండింతల దూరంలో ఇటుకల మధ్య పెట్టండి. వాతావరణ శాఖ ఉదయం 8:30కు కొలుస్తుంది. మీరు ప్రార్థన గంటకు ముందు కొలవండి. ఏ వేళైనా ఫరవాలేదు, రోజూ అదే వేళ కావాలి. చూసి రాసుకున్నాక నీళ్లను సున్నా గీతదాకా వంచేయాలి, ఎండకు గీత కిందికి దిగి ఉంటే నీళ్లు పోసి సరిచేయాలి.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. వాన లేని రోజు ఏమీ రాయరు. సున్నా కూడా కొలతేనని, ఖాళీ గడి అంటే కొలవలేదని అర్థమని మొదటి రోజే చెప్పాలి. రెండోది, ఆదివారాన్ని వదిలేసి శనివారం పక్కనే సోమవారం చుక్క పెడతారు. అడ్డగీత మీద రోజులన్నీ సమానంగా ఉండాలి. ఆదివారం గడిని ఖాళీగా వదిలి, సోమవారం కొలతను "రెండు రోజులది" అని గుర్తు పెట్టాలి.

ఈ కొలతతో లెక్కల పీరియడ్‌కు పని దొరుకుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. బడి కప్పు 200 చదరపు మీటర్లుంటే 10 మిల్లీమీటర్ల వానకు 2,000 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు. మీ కప్పును టేపుతో కొలిపించి, నెలలో ఎన్ని ట్యాంకుల నీళ్లు జారిపోయాయో చెప్పించండి.

భూగర్భ నీటిమట్టం విషయంలో మాత్రం పిల్లల్ని బావుల దగ్గరకు, పాడుబడ్డ బోర్ల దగ్గరకు తాళ్లతో పంపకండి. మూత లేని బోరు కనిపిస్తే కొలత మాని పంచాయతీకి చెప్పి ముందు మూత వేయించండి. రెండు రాష్ట్రాల్లోనూ భూగర్భ జల శాఖ పీజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్ల) నీటిమట్టాలను నెలనెలా నమోదు చేసి ప్రకటిస్తుంది. మీకు దగ్గరలో ఉన్న పీజోమీటర్ లెక్కలు రెండు మూడేళ్లవి తీసుకుని రిజిస్టర్లో ఎక్కించండి.

అక్కడ ఒక ఉచ్చు ఉంది. శాఖ ఇచ్చే అంకె నేలమట్టం నుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయన్నది. అంకె 9 నుంచి 14కు పెరిగిందంటే నీళ్లు ఐదు మీటర్లు కిందికి పోయాయని. మామూలుగా గ్రాఫు గీస్తే ఎండాకాలంలో గీత పైకి ఎక్కుతుంది, పిల్లలు "నీళ్లు పెరిగాయి" అంటారు. నిలువు గీత మీద సున్నాను పైన పెట్టి, కిందికి అంకెలు పెంచుతూ గీయించండి. అప్పుడు మే నెలలో గీత అడుగుకు దిగి, అక్టోబరు నవంబరుల్లో పైకి లేస్తుంది. జోరు వానలు జులై, ఆగస్టుల్లో అయితే మట్టం శిఖరం అంత ఆలస్యంగా ఎందుకొస్తుందన్నది వాళ్లే అడగాలి. రెండో ఆటలోని 24, 27, 29, 30 అప్పుడు గుర్తు చేయండి. వాన తగ్గుముఖం పట్టినా, రాక పోకకంటే ఎక్కువున్నంతకాలం నిల్వ పెరుగుతూనే ఉంటుంది. నీళ్లు మట్టిలోంచి, రాతి పగుళ్లలోంచి దిగడానికి పట్టే వ్యవధి దానికి తోడు.

ఇప్పుడు బాణాలు (రెండు పీరియడ్లు)

దసరా సెలవుల తర్వాత ఇది చేయండి. నాలుగు మాటలు చాలు. పది మాటలిస్తే మళ్లీ మొదటి చార్టు దగ్గరకే వస్తాం.

బల్లమీద రాసే ప్రతి మాటకూ ఒక పరీక్ష: దాని ముందు "ఎక్కువ" లేదా "తక్కువ" పెట్టగలమా? "రైతు" అన్న మాటకు పెట్టలేం. "బోర్ల సంఖ్య"కు పెట్టగలం. "కరెంటు" కుదరదు, "మోటారు నడిచే గంటలు" కుదురుతుంది. "కరువు" అని రాస్తే "వర్షపాతం" అని మార్పించండి. ఈ వడపోత దగ్గర పదిహేను నిమిషాలు పోయినా విసుక్కోవద్దు, బాణాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

తర్వాత బాణం. "మిగతావన్నీ అలాగే ఉంటే, ఇది పెరిగితే అది పెరుగుతుందా, తగ్గుతుందా?" పెరిగితే పెరిగేది, తగ్గితే తగ్గేది జోడు బాణం. ఒకటి పెరిగితే రెండోది తగ్గేది ఎదురు బాణం. జోడు బాణానికి "జో", ఎదురు బాణానికి "ఎ" అని రాస్తే చాలు. ప్లస్, మైనస్ గుర్తులు పెడితే పిల్లలు వాటిని "మంచి, చెడు" అని చదువుతారు. ఎదురు బాణం చెడ్డదేమీ కాదు.

మొదటి చక్రం: నీటిమట్టం తగ్గితే కొత్తగా వేసే లోతు బోర్లు పెరుగుతాయి (ఎదురు). బోర్లు పెరిగితే తోడే నీరు పెరుగుతుంది (జోడు). తోడే నీరు పెరిగితే మట్టం తగ్గుతుంది (ఎదురు). ఎదురు బాణాలు లెక్కపెట్టండి: రెండు. సరిసంఖ్య అయితే అది పెంచే చక్రం, తిరిగేకొద్దీ ముదురుతుంది. పక్కవాడి బోరు 400 అడుగులకు పోయిందని మనం 600 వేస్తే, వాడు 800 వేస్తాడు.

రెండో చక్రం: మట్టం తగ్గితే బోరు పోసే నీరు తగ్గుతుంది (జోడు), దాంతో తడి పంట విస్తీర్ణం తగ్గుతుంది (జోడు), తోడే నీరు తగ్గుతుంది (జోడు), అందువల్ల మట్టం కోలుకుంటుంది (ఎదురు). ఎదురు బాణం ఒక్కటే, బేసి. ఇది సర్దే చక్రం, గింజల మూడో ఆటలో చూసినదే. ఇప్పుడు పేరు పెట్టండి.

తొమ్మిదో తరగతి అయితే మూడో చక్రం కూడా చూపించవచ్చు, చర్చకు అదే రసవత్తరమైనది. మట్టం తగ్గితే నీటిని ఎక్కువ ఎత్తుకు తోడాలి, కరెంటు ఖర్చు పెరగాలి, బిల్లు చూసి తోడకం తగ్గాలి. ఇదీ సర్దే చక్రమే. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇవ్వడం మొదలైంది. అంటే ఖర్చు అన్న బాణం రైతును తాకదు, ఆ చక్రం అక్కడ తెగిపోయింది. ఉచిత కరెంటు తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం మన పని కాదు. బోరు మీద బతికే సన్నకారు రైతుకు బిల్లు వస్తే ఏ చక్రం తిరుగుతుందో కూడా గీయించాలి: ఖర్చు, అప్పు, వడ్డీ, మళ్లీ అప్పు. ఒక బాణాన్ని తెంపినా కలిపినా వేరేచోట ఏం కదులుతుందో వెతకడమే ఇక్కడ పాఠం.

బాణాల దగ్గర టీచర్లు తడబడే చోటు ఒకటుంది. "వాన తగ్గితే నీటిమట్టం తగ్గుతుంది" అని జోడు బాణం గీస్తాం. నిజానికి వాన తగ్గినా మట్టం పెరుగుతూ ఉండవచ్చు, గింజల ఆటలో చూశాం. బాణం అర్థం "లేకపోతే ఉండేదానికంటే తక్కువగా ఉంటుంది" అని మాత్రమే. తెలివైన పిల్లలు దీన్ని పట్టుకుంటారు. దబాయించకండి, గ్లాసు తెచ్చి చూపించండి.

ఉమ్మడి బోరు ఆట (రెండు పీరియడ్లు)

అమెరికా సిస్టమ్స్ నిపుణుడు డెన్నిస్ మెడోస్ రూపొందించిన చేపల వేట ఆట ఈ జాతిలో పేరున్నది. అందులో చేపలు పిల్లల్ని పెడతాయి, మిగిలినవాటిని బట్టి రాక మారుతుంది. భూగర్భ జలం అలా కాదు, రాక వానను బట్టి ఉంటుంది. కాబట్టి నియమాలు మార్చుకోవాలి.

జట్టు మధ్య పళ్లెంలో 50 గింజలు. అదే ఊరి కింది నీళ్లు, అంతకంటే ఎక్కువ పట్టదు. ప్రతి కారుకూ (పంటకాలానికీ) ఐదుగురు రైతులూ తమకు కావాల్సిన గింజలు (0 నుంచి 5 దాకా) చీటీమీద రహస్యంగా రాస్తారు. చీటీలు విప్పి అన్నీ తీస్తారు. తర్వాత వాన: 10 గింజలు తిరిగి వేస్తారు. తీసుకున్న గింజే ఆదాయం. పది కార్లు ఆడాలి. అడిగినన్ని లేనప్పుడు ఎవరికెంతో వాళ్లే తేల్చుకోవాలి. ఆ గొడవను మీరు తీర్చకండి, కాసేపు నడవనివ్వండి.

మొదటిసారి మాటల్లేవు. ప్రతివాడూ సగటున 4 తీస్తే కారుకు 20 పోక, 10 రాక. 50, 40, 30, 20, 10 అని దిగి, ఐదో కారులో 20 అడిగితే పళ్లెంలో 10 ఉంటాయి. ఆ తర్వాత ప్రతి కారూ వాన పడ్డ పదింటికోసమే పోటీ.

రెండోసారి నియమాలు అవే, కానీ ప్రతి కారుకూ ముందు పళ్లెంలో ఎన్ని ఉన్నాయో గట్టిగా చదివి, రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వాలి. చీటీలు రహస్యంగానే రాయాలి. మూడోసారి వానను చీటీ తీసి నిర్ణయించండి: 5, 10, 15. తలా రెండు అని ఒప్పందం చేసుకున్న జట్లు కూడా 5 పడిన కారులో ఏం చేస్తాయో చూడాలి. సాధారణంగా "వచ్చే కారు ఎక్కువ పడుతుందిలే" అంటాయి.

ఆట అయ్యాక పది నిమిషాలైనా మాట్లాడించకుండా గంట కొట్టనివ్వకండి. "ఎవరు ఎక్కువ తీశారు?" అని అడిగితే తగవు మిగులుతుంది. "ఏ కారులో తెలిసింది? అప్పటికి ఆలస్యమైందా?" అని అడగండి.

ఇక్కడే మన నేలమీది ఒక సంగతి చెప్పాలి. 2000లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో (అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం) రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాంకేతిక సాయం చేసింది. ఊళ్లో వానమానిని పెట్టుకుని, బోర్లలో మట్టాలు కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటలు వేస్తే ఎంత ఖర్చవుతుందని లెక్క కట్టేవాళ్లు. జరిమానాల్లేవు, బలవంతమూ లేదు. లెక్క గోడమీద ఉండేది, ఎవరి పంట వాళ్లు ఎంచుకునేవాళ్లు. మన ఆటలో రెండోసారి చేసింది సరిగ్గా ఇదే.

ఆ లెక్కను పిల్లల చేత వేయించండి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే ఎకరాకు దాదాపు 48.5 లక్షల లీటర్లు. వేరుశనగలాంటి ఆరుతడి పంటకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే 20 లక్షల లీటర్ల పైచిలుకు. నేలను బట్టి ఈ అంకెలు మారతాయి, మీ వ్యవసాయ విస్తరణాధికారిని పిలిచి మీ ఊరి అంకెలు చెప్పమనండి. ఒక పీరియడ్ ఆయనకిచ్చినా నష్టం లేదు.

ఊళ్లో జాగ్రత్తలు

నీళ్ల విషయం తరగతి గది దాటగానే మనుషుల విషయమవుతుంది. పిల్లలు ఇంటికెళ్లి "నాన్నా, మన ఆరో బోరు వల్లే ఊరు ఎండిపోతోంది" అంటే మర్నాడు బడికి ఫోను వస్తుంది. రిజిస్టర్లో రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఉండకూడదు. బోర్లను వార్డు మొత్తంగా మాత్రమే లెక్కపెట్టించండి. బోరు వేసుకునే స్తోమత లేని కుటుంబాల పిల్లలు, ఎండిన బావి ఉన్న ఇంటి పిల్లలు కూడా అదే బెంచీల మీద ఉంటారు. మట్టం తగ్గినప్పుడు మొదట ఎండేది తక్కువ లోతు బావులేనని, అవి ఎవరివో తరగతిలో చెప్పించనక్కర్లేదని గుర్తుంచుకోండి. ఇంట్లో నీళ్లు మోసేది ఎవరన్న ప్రశ్న మాత్రం తప్పకుండా వేయండి. మోయడానికి పట్టే నిమిషాలు కూడా కొలవదగ్గ అంకెలే.

పట్నం బడులకు: దోమలు

ఊరి నీళ్లు కుదరని చోట డెంగీ దోమ బాగా పనికొస్తుంది. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు ఎండ వేడిని బట్టి ఎనిమిది, పది రోజులు పడుతుంది. ఫ్రైడే డ్రైడే అని వారానికోసారి తొట్లు, కూలర్లు, కొబ్బరి చిప్పలు వంపేయమనేది అందుకే, చక్రం పూర్తయ్యేలోపు తెంపడానికి. పిల్లలు బడి చుట్టూ నీళ్లు నిలిచిన పాత్రల్ని వారంవారం లెక్కపెట్టి గ్రాఫు గీస్తే నిల్వ దొరుకుతుంది. రెండు వారాలకోసారి వంపితే ఎందుకు లాభం లేదన్న ప్రశ్నతో వ్యవధి పాఠం అయిపోతుంది.

మార్కులు

ఎఫ్‌ఏలో ప్రాజెక్టు పనికి దీన్ని చూపించవచ్చు. చార్టు అందానికి మార్కులు వేయొద్దు, రిజిస్టర్లో ఖాళీ లేని గడులకు వేయండి. లఘు పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఒకటి చాలు: ట్యాంకులో 500 లీటర్లున్నాయి. గంటకు 100 లీటర్లు వస్తున్నాయి. వాడకం మొదటి గంట 40, తర్వాత 80, 100, 120, 160. ట్యాంకు ఎప్పుడు అన్నిటికంటే నిండుగా ఉంది? జవాబు 560, 580, 580, 560, 500 అని వస్తుంది. రెండో గంట చివర అన్నా మూడో గంట చివర అన్నా మార్కు ఇవ్వండి. "మొదటి గంట" అని రాసినవాళ్లకు మళ్లీ గ్లాసు, గింజలు ఇవ్వండి. చక్రాల నిర్వచనాలు రాయమని అడగకండి, అడిగితే గైడ్లలోకి వస్తాయి.

రెండో ఏడు

కంప్యూటర్ ల్యాబ్ పనిచేస్తుంటే ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవొచ్చు. ఒక నిలువు వరుసలో రాక, ఒకదాంట్లో పోక, మూడోదాంట్లో "నిన్నటి నిల్వ + రాక − పోక". గింజలాటలోని ఎనిమిది వంతుల్ని ముందు అందులో వేయించి, చేత్తో వచ్చిన అంకెలే వస్తున్నాయో లేదో చూసుకోమనండి. బాణాలు కదిలే ఉచిత వెబ్ సాధనాలు ఉన్నాయి గానీ, నెట్ లేని రోజు పాఠం ఆగిపోయేలా వాటిమీద ఆధారపడొద్దు.

టీచర్ల బదిలీలు ఈ పనిని చంపేంతగా ఇంకేదీ చంపదు. లెక్కల మాస్టారు వెళ్లిపోతే రిజిస్టరు బీరువాలో పడుతుంది. అందుకని అది టీచరు పేరుమీద కాకుండా తరగతి పేరుమీద ఉండాలి. ఏప్రిల్‌లో వేసవి సెలవులకు ముందు వారంలో తొమ్మిదో తరగతివాళ్లు ఎనిమిదివాళ్లను కూర్చోబెట్టి రెండో ఆటను, ఆ 7, 6, 5, 4 ఆటను, వాళ్లే ఆడించాలి. అంచనా రాయించడం మరచిపోతున్నారేమో వెనక నిలబడి చూడండి. ఆ రోజే రిజిస్టరు చేతులు మారాలి, జూన్‌లో మొదటి వాన పడకముందే సున్నా గీత గీసిన సీసాలు మూడు ఇటుకల మధ్య ఉండాలి.